క్యాంపర్ వ్యాన్ డైరీ: పెద్ద ఇంజనా, పరుగు గేరా

ఫిబ్రవరి 17

మా వ్యాన్ ఇంజను కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి, పీఎస్‌ఐలో) చూశాను. ఒకటో సిలిండర్ 105, రెండోది 100, నాలుగోది 102. మూడోది మాత్రం 65. నమ్మబుద్ధి కాక మళ్ళీ చూశాను, అదే 65. ప్లగ్గు తీసిన రంధ్రంలో ఓ చెంచాడు ఆయిల్ పోసి చూస్తే 68 వచ్చింది. బాగా పెరిగి ఉంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. ఈ ఇంజన్లో సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి ఆయిల్ పరీక్షని పూర్తిగా నమ్మలేం. అందుకే గాలి కొట్టి విన్నాను. సైలెన్సర్ గొట్టంలోంచి బుస్సుమని వస్తోంది. ఎగ్జాస్టు వాల్వు పోయింది. రింగులు కాదు, అంతవరకూ నయం.

బండి 1971 ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2. వెస్ట్‌ఫాలియా వాళ్ళు క్యాంపరుగా మార్చినది. పైకప్పు లేస్తుంది, లోపల సింకు, ఐసుపెట్టె, వెనక మంచంగా మారే సీటు. వెనక 1600 ఇంజను, గాలితో చల్లబడేది, కొత్తగా ఉన్నప్పుడు 50 గుర్రాలు (హార్స్‌పవర్). ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చింది 1971 మోడల్‌తోనే. ఇంజను పెంచుదామనుకునేవాడు ముందు చూసుకోవాల్సింది బ్రేకులు. అవి ఉన్నాయి.

మేం ఉండేది కాలిఫోర్నియాలో, లివర్‌మోర్‌లో. నిరుడు వేసవిలో తూర్పు వైపు లీ వైనింగ్ నుంచి టియోగా పాస్ అనే కనుమ ఎక్కాం. ఎత్తు 9,943 అడుగులు. దాదాపు మొత్తం రెండో గేరు, పాతిక మైళ్ళ వేగం. మా వెనక పదకొండు కార్లు. లెక్కపెట్టింది మా అబ్బాయి, గట్టిగా. వెయ్యి అడుగులకి సుమారు మూడు శాతం చొప్పున పవరు తగ్గుతుంది కాబట్టి, ఆ పైన నా 50 గుర్రాల్లో మిగిలినవి 35. ఎలాగూ ఇప్పుడు ఇంజను దింపాలి. దింపినప్పుడు అదే 1600 మళ్ళీ కట్టడమా, పెద్దది కట్టడమా అన్నదే ఈ డైరీ.

ఫిబ్రవరి 25

ఇంజను దింపాను. నాలుగు నట్లు, ఒక పెట్రోల్ గొట్టం, యాక్సిలరేటర్ కేబులు, రెండు హీటర్ గొట్టాలు, కొన్ని వైర్లు. రెండు గంటల్లో కింద ఉంది. ఈ బండిమీద ఎన్ని విసుగులున్నా ఈ ఒక్కదానికి దండం పెట్టాలి.

ఇప్పుడు ఎంత పెద్దది అన్న ప్రశ్న. స్టాకు 1600లో పిస్టన్ వ్యాసం 85.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు (అది కదిలే దూరం) 69. దాని అసలు లెక్క 1,584 సీసీ. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముట్టుకోకుండా పిస్టన్లూ, అవి ఆడే బారెళ్ళూ మాత్రమే మారిస్తే వచ్చే దారులు ఇవి.

87 వేస్తే 1,641. కేసుకి (ఇంజను ఒంటికి) మెషిన్ పని అక్కర్లేదు, అలాగే దూర్చేయొచ్చు. నాలుగు శాతం కోసం అంత ఖర్చా? 88 కూడా అలాగే దూరుతుంది గానీ బారెల్ గోడ మరీ పల్చన. వేడికి గుండ్రం తప్పుతుంది. వద్దు. 90.5 వేస్తే 1,775, దాన్ని అందరూ 1,776 అంటారు. కేసునీ, వాల్వులుండే హెడ్డునీ బోరు చేయించాలి, అయినా గోడ మందంగానే ఉంటుంది. 92 కూడా అదే బోరులో కూర్చుంటుంది, అంటే గోడ అంతమేర పల్చనవుతుంది. 94 వేస్తే 1,915. గోడ బాగుంటుంది గానీ కేసులో తీసే లోహం ఎక్కువ. నాది యాభై ఏళ్ళ నాటి మెగ్నీషియం కేసు. దాన్ని అంత కొరకనివ్వడానికి నాకు మనసొప్పలేదు.

ఇవి కాక ఇంకో రెండు పెద్ద దారులున్నాయి. 1972 నుంచి అమెరికాలో అమ్మిన బస్సులకి వేసిన టైప్ 4 ఇంజను ఒకటి. మొదట 1,700, తర్వాత 1,800, 1976కి 2,000. గట్టి ఇంజను, బరువు మోయడానికే పుట్టినట్టు ఉంటుంది. కానీ దాని వెనక మౌంటు వేరు, చుట్టూ ఉండే రేకులు వేరు. నా 71లో పెట్టాలంటే బండి వెనక భాగాన్ని కోసి అతకాలి. రెండోది సుబారు ఇంజను. 2.2 లీటర్లు, 130 గుర్రాల దాకా. ఆ దారిన వెళ్ళి సుఖపడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు. రేడియేటరు, నీళ్ళ గొట్టాలు, కంప్యూటరు, వైరింగు, అన్నీ వస్తాయి. చేతకాక కాదు. వెనక టకటకమనే ఆ చప్పుడు పోతే ఇది నా బండిలా ఉండదు, అందుకని వద్దనుకున్నాను.

1,776 దగ్గర ఆగాను. ఇక్కడ 1975, అంతకుముందు మోడళ్ళకి స్మాగ్ (పొగ) పరీక్ష లేదు కాబట్టి ఆ తలనొప్పి కూడా లేదు.

మార్చి 3

తొందరపడ్డాను. తర్వాతి ఏళ్ళ బస్సులోంచి తీసిన గేరుబాక్సు ఒకటి అమ్మకానికి కనబడితే, ఇంజను సామాన్లు కొనకముందే అది కొనేశాను. నా బాక్సులో క్రౌన్ పినియన్ (చక్రాలకి తిప్పుడు అందించే చివరి పళ్ళ జత) 43 పళ్ళకి 8, అంటే 5.375. ఇందులో 34కి 7, అంటే 4.857. ఇంజను తక్కువ తిరుగుతుంది, చప్పుడు తగ్గుతుంది, హైవే మీద హాయి. అంతకుమించి ఆలోచించలేదు.

"ఇంజనే లేని బండికి గేరుబాక్సు కొన్నారా?" అంది మా ఆవిడ. సమాధానం చెప్పకుండా గ్యారేజీలోకి మోసుకెళ్ళాను. అది చాలా బరువుంది.

మార్చి 16

నాన్న వచ్చాడు ఇండియా నుంచి. ముప్పై ఏళ్ళు గిద్దలూరు డిపోలో ఆర్టీసీ మెకానిక్కు. నంద్యాల ఘాటు మీద ఆగిపోయిన బస్సుల దగ్గరికి అర్ధరాత్రి లారీలెక్కి వెళ్ళినవాడు. దిగిన మూడో రోజుకే, జెట్ లాగ్ తీరకుండానే, గ్యారేజీలో పీట వేసుకున్నాడు.

కొత్త బాక్సు నిజంగా 4.857 అవునా కాదా అన్నది మొదటి ప్రశ్న. అమ్మినవాడి మాట తప్ప ఆధారం లేదు. నాన్న దాన్ని నాలుగో గేరులో పెట్టమన్నాడు. చక్రం వైపుకి వెళ్ళే ఒక పక్క ఫ్లాంజిని తను పట్టుకున్నాడు, కదలకుండా. రెండో పక్క ఫ్లాంజి మీద నేను చాక్‌పీసుతో గీత పెట్టి పదిసార్లు తిప్పాను. ఇంజను వైపు ఇన్‌పుట్ షాఫ్టు ఎన్నిసార్లు తిరిగిందో ఇద్దరం లెక్కపెట్టాం. ఇరవైకి వెంట్రుకవాసి తక్కువ.

లెక్క ఇదీ. నాలుగో గేరు నిష్పత్తి 0.82. దాన్ని 4.857తో గుణిస్తే 3.98. ఒక చక్రాన్ని పట్టేస్తే డిఫరెన్షియల్ వల్ల రెండో చక్రం రెట్టింపు తిరుగుతుంది కాబట్టి అందులో సగం, 1.99. పదిసార్లకి 19.9. సరిపోయింది. పాత బాక్సు మీద కూడా చేశాం. ఇరవై రెండు. అంటే అది 5.375. బాక్సు విప్పకుండా, పళ్ళు లెక్కపెట్టకుండా, చాక్‌పీసు ఒక్కదానితో.

తర్వాత నాన్న కాగితం అడిగాడు.

"ఇంజను ఎంత పెరుగుతుందిరా?"

"1,584 నుంచి 1,775. పన్నెండు శాతం."

"క్రౌను ఎంత తగ్గుతుంది?"

5.375 నుంచి 4.857. దాదాపు పది శాతం.

"మరి పన్నెండు తెచ్చుకుని పది ఇచ్చేస్తున్నావు గదరా. చక్రం దగ్గరికి వచ్చేది ఎంత?"

1.12ని 0.904తో గుణించాను. 1.01. ఒక్క శాతం. ఇంత మెషిన్ పని, ఇంత డబ్బు, ఇన్ని వారాంతాలు పోసి, నాలుగో గేరులో చక్రానికి అందే లాగుడు పాత 1600కి ఉన్నంతే. కాకపోతే అదే లాగుడు తక్కువ చప్పుడుతో వస్తుంది. కాగితం వంక చాలాసేపు చూశాను. నాన్న టీకి లోపలికి వెళ్ళిపోయాడు.

మార్చి 23

వారమంతా ఆఫీసులో మీటింగుల మధ్య ఇదే లెక్క.

చక్రం చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు (185ఆర్14 టైర్లు). గంటకి 65 మైళ్ళ దగ్గర పాత బాక్సుతో ఇంజను నిమిషానికి 3,840 సార్లు తిరుగుతుంది, కొత్తదానితో 3,470. ఈ తేడా చెవికి పెద్దదే. హైవే మీద మూడు గంటలు కూర్చుంటే ఇంకా పెద్దది.

ఎక్కుడు సంగతి వేరు. నలుగురం, సామాను, నీళ్ళు కలిపి బండి బరువు రెండు టన్నులనుకున్నాను. వందకి ఆరు ఎక్కే రోడ్డు మీద 45 మైళ్ళు నిలబడాలంటే చక్రాల దగ్గర 48 గుర్రాలు కావాలి. అందులో 32 ఒట్టి బరువుని పైకెత్తడానికే, మిగతావి టైర్లకీ గాలికీ. పాత ఇంజను 50 గుర్రాలూ 4,000 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది, గేరుబాక్సు దాటి చక్రం దగ్గరికి వచ్చేవి 44. అందుకే నలభై దాటేది కాదు.

మూడో గేరు దగ్గర కథ మలుపు తిరుగుతుంది. మూడోది 1.26. పాత క్రౌనుతో 45 మైళ్ళ దగ్గర ఇంజను 4,090 తిరగాలి. అరుస్తుంది. కొత్త క్రౌనుతో 3,690. ఎక్కుడు ఎక్కే 1,776కి ఇది సరిగ్గా సరిపోయే చోటు. అంటే నేను తొందరపడి కొన్న బాక్సు నాలుగో గేరులో నన్ను ముంచుతోంది, మూడో గేరులో తేలుస్తోంది.

మూడుకీ నాలుగుకీ మధ్య దూరం (1.26 నుంచి 0.82) రెండు బాక్సుల్లోనూ ఒకటే. ఆ గుంట ఎక్కడ పడాలన్నదే మన చేతిలో ఉంది. పాత బాక్సులో అది నలభై మైళ్ళ దగ్గర పడుతుంది. కొత్తదానిలో నలభై నాలుగు దగ్గర.

ఇంకోటి. ఈ ఇంజన్ని చల్లబరిచే ఫ్యాను జనరేటరు షాఫ్టు చివర ఉంటుంది, బెల్టుతో తిరుగుతుంది. ఇంజను నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది. నీళ్ళ ఇంజనుకి తక్కువ ఆర్‌పీఎం అంటే విశ్రాంతి. గాలి ఇంజనుకి ఎక్కుడులో తక్కువ ఆర్‌పీఎం అంటే నోరు మూసి పరిగెత్తించడం. దీన్ని కాగితం మీద తేల్చలేను. మీటరు కావాలి. మూడో సిలిండరు ప్లగ్గు కింద బిగించే ఉష్ణోగ్రత సెన్సరు, ఆయిల్ టెంపరేచర్ గేజీ ఆర్డరు పెట్టాను.

నిర్ణయం: ముందు కొత్త ఇంజను, పాత బాక్సు. కొలవాలి. ఆ తర్వాత కొత్త బాక్సు. మళ్ళీ అదే చోట కొలవాలి.

ఏప్రిల్ 20

మెషిన్ షాపు నుంచి కేసు, హెడ్లు వచ్చాయి. చెప్పిన తేదీకి మూడు వారాలు ఆలస్యం. కేసు బోరు బాగుంది. ఆయిల్ దారుల్లో మాత్రం రజను అలాగే ఉంది. "కడిగేశాం" అన్నారు. పైపు బ్రష్షులు, సబ్బునీళ్ళు, గాలి, మళ్ళీ సబ్బునీళ్ళు. నాలుగోసారి కడిగినప్పుడు కూడా తెల్లగుడ్డ మీద మెరుపు. ఆరోసారికి పోయింది. ఎవరు కడిగామన్నా మనం మళ్ళీ కడుక్కోవాల్సిందే.

హెడ్డు స్టడ్లకి కేసులో స్టీలు ఇన్‌సర్టులు వేయించాను. మెత్తని మెగ్నీషియంలోంచి మరలు ఊడొచ్చే రోగం ఈ ఇంజన్లకి పాతదే.

కంప్రెషన్ నిష్పత్తి (గాలి ఎన్నింతలు నొక్కుకుపోతుందో) కొలిచాను. అద్దం పలక, కాస్త గ్రీజు, మందుల షాపులో కొన్న సిరంజి. హెడ్డులో మంట మండే గదులు 50.5 నుంచి 52 సీసీ దాకా, నాలుగూ నాలుగు రకాలు. పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు బారెల్ అంచుకి 1.3 మిల్లీమీటర్లు లోపల ఉంది, అంటే ఇంకో 8.4 సీసీ. ఒక్కో సిలిండరు 444 సీసీ. లెక్కేస్తే 8.5కి ఒకటి వచ్చింది. బరువైన బండికి, ఎండలో ఘాటు ఎక్కే బండికి, అది ఎక్కువ. పెట్రోలు మామూలు 87 ఆక్టేన్ రకమే పోసుకోవాలని నా పట్టుదల. 8.0 కావాలి. బారెల్ కింద షిమ్ములు (పల్చని రింగులు) వేసి దించేయొచ్చు గానీ పిస్టనుకీ హెడ్డుకీ మధ్య సందు పెరిగితే మంట సరిగా కాదు. గదినే 55కి పెంచాలి. రెండు సాయంత్రాలు చిన్న గ్రైండరుతో చెక్కాను. కొంచెం చెక్కడం, కొలవడం, మళ్ళీ చెక్కడం. నాలుగూ 55కి అర సీసీ లోపల వచ్చాయి.

క్యామ్ షాఫ్టు (వాల్వులు తెరిచే ఇరుసు) దగ్గర టెంప్టేషన్. ఎంగిల్ డబ్ల్యూ 110 అందరికీ ఇష్టం, వాల్వుని 284 డిగ్రీల సేపు తెరిచి ఉంచేది. ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర బాగా ఊపిరి పీలుస్తుంది. నేను ఎప్పుడూ ఉండేది 2,500కీ 3,800కీ మధ్య. 276 డిగ్రీల డబ్ల్యూ 100 తీసుకున్నాను. నాన్నకి ఈ పేర్లేమీ తెలియవు. "బస్సుకా, రేసుకా?" అని మాత్రం అడిగాడు.

మే 18

ఇంజను కట్టడం. దిద్దుకోవాల్సిన తప్పొకటి ముందే రాసేస్తాను.

ఎడమ హెడ్డు బిగించాను. పుష్‌రాడ్ గొట్టాలు (క్యామ్ నుంచి వాల్వులకి వెళ్ళే కడ్డీలకి తొడుగులు) కూర్చున్నాయి. నట్లన్నీ టార్కు రెంచితో వరసలో, రెండు విడతల్లో. లేచి నడుం సరిచేసుకుంటే బల్ల మీద ఒక వంకర రేకు ముక్క. బారెళ్ళ కింద, రెండింటి మధ్య గాలిని చుట్టి తీసుకెళ్ళే రేకు. గొట్టాలు పెట్టక ముందే అది లోపలికి వెళ్ళాలి. అది లేకపోయినా ఇంజను నడుస్తుంది. నడిచి, బారెళ్ళ అడుగు భాగానికి గాలి తగలక, ఒక వేసవిలో చస్తుంది. హెడ్డు మళ్ళీ విప్పాను. గొట్టాల సీళ్ళు నలిగాయి, కొత్తవి వేయాలి. రెండు గంటలు పోయాయి.

ఫ్యాను పెట్టెలో థర్మోస్టాట్, దాని తలుపులు ఉంచాను. చాలామంది పీకి పారేస్తారు. చలిలో ఇంజను త్వరగా వేడెక్కడానికి అవి ఉండాల్సిందే, అరుగుదల ఎక్కువ జరిగేది అప్పుడే. ఇంజను గది చుట్టూ రబ్బరు సీలు కొత్తది వేశాను. దాని ధర కొంచెమే గానీ పని చాలా పెద్దది. పైన చల్లగాలి, కింద సైలెన్సరు వేడి. ఆ రెండింటి మధ్య సందుంటే ఫ్యాను తను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది.

రెండు వెబర్ 34 కార్బురేటర్లు, ఒక్కో పక్కకి ఒకటి. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు వాక్యూం ఉన్న రకం.

క్రాంకు ముందువెనకల ఆట 0.10 మిల్లీమీటర్లు. ఫ్లైవీలు మధ్యనున్న పెద్ద నట్టు 217 ఫుట్-పౌండ్లు. నాలుగడుగుల పైపు తొడిగి నేను లాగుతుంటే ఫ్లైవీలు తిరక్కుండా నాన్న ఇనపపట్టీ మీద నిలబడ్డాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. మా ఆవిడ కిటికీలోంచి చూసి ఏమీ అనలేదు. రాత్రి అంది.

జూన్ 1

మొదటిసారి స్టార్టు. ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా స్టార్టరుతో తిప్పాను. తర్వాత ప్లగ్గులు బిగించి తాళం. మూడో తిప్పుకి అందుకుంది. కొత్త క్యామ్ కాబట్టి ఐడిల్ మీద వదలకుండా ఇరవై నిమిషాలు 2,000 పైనే ఉంచాలి. ఆ ఇరవై నిమిషాలూ నాన్న సెల్‌ఫోన్ లైటుతో కింద పడుకుని ఎక్కడ కారుతోందో వెతికాడు. ఒకచోట ఒక్క చుక్క. పుష్‌రాడ్ గొట్టం దగ్గర, నేను విప్పి మళ్ళీ పెట్టిన వైపే.

ఆయిల్ మార్చి, ట్యాపెట్లు (వాల్వుల సందు) 0.15 మిల్లీమీటర్లకి సరిచేసి, ఊరి చుట్టూ తిప్పుతున్నాను. ట్రాఫిక్ లైటు దగ్గర తేడా తెలుస్తోంది. వెనక కారువాడు హారన్ కొట్టలేదు.

జూన్ 22

పరీక్ష చోటు: మా ఊరికి తూర్పున ఉన్న ఆల్టమాంట్ పాస్ కనుమ. ఇంటి దగ్గర్నుంచి తూర్పుకి ఎక్కుదామనుకున్నాను. కానీ వేసవి సాయంత్రాలు సముద్రం వైపు నుంచి లోయ వైపుకి గాలి ఊదుతుంది. ఆ కొండల నిండా గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. తూర్పుకెళ్తే గాలి వెనకనుంచి తోస్తుంది, ఏ ఇంజనైనా మంచి మార్కులు తెచ్చుకుంటుంది. అందుకే అవతలి పక్క ట్రేసీ ఊరి దాకా దిగి, అక్కణ్ణుంచి పడమటికి ఎక్కాం. ఎక్కుడూ, ఎదురుగాలీ. బండి ముఖం బల్లపరుపు. పైకప్పు మీద చాపలాంటి గాలి.

పాత బాక్సు, నాలుగో గేరు, 55 మైళ్ళు, 3,250 ఆర్‌పీఎం. హెడ్డు 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగింది. ఆయిల్ 102. పెడలు ఇంకా మిగిలి ఉంది. పాత ఇంజను ఇదే చోట మూడో గేరులోకి దించేది.

ఇక్కడితో ఆపేస్తే సరిపోయేది. పవరుంది, చల్లగా ఉంది. కానీ ఆ తర్వాత 65 మీద గంటసేపు వెళ్ళాం. వెనక సీట్లో అమ్మాయి ఏదో అడుగుతోంది, మాకు వినపడలేదు. తను ఫోన్లో మెసేజి పెట్టింది: "బాత్రూమ్".

జూలై 6

కొత్త బాక్సు ఎక్కించాను. పాతదానిలో రెండో గేరు సింక్రో (గేరు మెత్తగా పడేలా చేసేది) ఎలాగూ గరగరమంటోంది, సాకు దొరికింది. స్పీడోమీటరు సరిచేయక్కర్లేదు. ఈ బండిలో దాని కేబులు ముందు ఎడమ చక్రం దగ్గర్నుంచి వస్తుంది, గేరుబాక్సుతో సంబంధమే లేదు.

నాన్న సోమవారం బయల్దేరాలి. ఆదివారం పొద్దున్నే మళ్ళీ ట్రేసీ వైపు తీసుకెళ్ళమన్నాడు.

జూలై 7

పొద్దున గాలి లేదు. సాయంత్రం దాకా ఆగి వెళ్ళాం, లేకపోతే పోల్చడానికి లేదు. ఎండ కూడా ఆరోజులాగే ఉంది.

నాలుగో గేరు, 55, ఈసారి 2,940 ఆర్‌పీఎం. చప్పుడు హాయిగా ఉంది. నాన్న గేజీ మీద కళ్ళు పెట్టాడు. 190, 195. సగం ఎక్కేసరికి 200 దాటింది. 204. పెడలు దాదాపు నేలకి తగిలింది. 207.

"మూడో గేరు వెయ్యి," అన్నాడు.

45కి తగ్గి మూడో గేరు వేశాను. 3,690. చప్పుడు పెరిగింది. గేజీ ఒక నిమిషం అలాగే ఉండి, దిగడం మొదలెట్టింది. 200, 194. పైకి చేరేసరికి 184.

వేగం పది మైళ్ళు తగ్గింది కాబట్టి ఇంజను మీద పని కూడా తగ్గింది. ఆ చల్లదనం అంతా ఫ్యానుది కాదు, అది ఒప్పుకోవాలి. కానీ 55 దగ్గర రెండు బాక్సుల పోలిక మాత్రం సూటిగా ఉంది. అదే కొండ, అదే వేగం, అదే పని, ఫ్యాను మాత్రం పది శాతం నెమ్మది. హెడ్డు పంతొమ్మిది డిగ్రీలు ఎక్కువ, అదీ ఇంకా ఎక్కుతుండగా నేనే ఆపాను.

సమతలం మీద 65కి 3,470, హెడ్డు 178. వెనక సీట్లో మాట్లాడుకున్నది ముందుకి వినిపించింది. వాళ్ళు మా గురించే మాట్లాడుకుంటున్నారు.

కొత్త బాక్సే ఉంచుతున్నాను. నాలుగో గేరు మీద మాత్రం నా అభిప్రాయం మారింది. ఇన్నాళ్ళూ దాన్ని మామూలు గేరనీ, మూడుకి దిగడాన్ని ఓటమనీ అనుకున్నాను. ఇకమీదట నాలుగు సమతలానికే. గేజీ 195 చూపిస్తే, ఇంజను ఇంకా లాగుతున్నా సరే, మూడు. నాన్న మాటల్లో అయితే, "ఘాటు మొదట్లోనే గేరు దించాలిరా, మధ్యలో కాదు. మధ్యలో దించేవాడి బస్సు దగ్గరికే మేం రాత్రుళ్ళు వెళ్ళేవాళ్ళం."

జూలై 27

కొత్త బాక్సు ధర ఇప్పుడు తెలిసింది. మొదటి గేరు నిష్పత్తి, క్రౌనుతో కలిపి, 20.4 నుంచి 18.5కి తగ్గింది. మా ఇంటి ముందు వాలులోకి రివర్సులో ఎక్కించేటప్పుడు క్లచ్చు వాసన వస్తోంది. మట్టి రోడ్డు మీద ఎక్కుడులో ఆగి బయల్దేరాలన్నా అంతే. ఒక వారాంతం క్యాంపుగ్రౌండులో మూడుసార్లు అటూఇటూ సర్దాక పక్క టెంటు వాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఇక్కడ పన్నెండు శాతం ఎటుపోయిందో కనబడలేదు. ఇప్పుడు ఇంట్లోకి ముందు నుంచే వెళ్తున్నాను, బయటికే రివర్సు.

మెయిన్ జెట్లు 130 నుంచి 135కి మార్చాను. ఎక్కుడులో హెడ్డు ఇంకో ఆరు డిగ్రీలు తగ్గింది. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది.

ఆగస్టు 18

టియోగా. లీ వైనింగ్ దగ్గర పొద్దున ఏడింటికి బయల్దేరాం, చల్లగా ఉండగానే. కింది భాగం మూడో గేరులో, 38 నుంచి 40. హెడ్డు 186. ఎక్కుడు మొదట్లోనే దించాను. పై మైళ్ళలో గాలి పల్చబడ్డకొద్దీ వేగం కరిగిపోయింది. 36, 34. ఆర్‌పీఎం 2,800కి పడిపోయాక మూడో గేరులో ఇంక లాగలేదు. రెండుకి దించాను. 29 మైళ్ళు, 3,900. యోసెమిటీ పార్కు గేటు దాకా అలాగే. మా అబ్బాయి వెనక్కి తిరిగి లెక్కపెట్టాడు. నాలుగు కార్లు.

గేటు దాటాక టువాలమీ మెడోస్‌ పచ్చికబయళ్ళలో బండి ఆపి కింద చూశాను. ఎడమ పక్క గొట్టం దగ్గర అదే చుక్క. గడ్డి మీద పడకుండా అట్టముక్క పెట్టాను. ఈ చలికాలం ఆ సీలు మార్చాలి.

ఇంటికొచ్చాక నాన్నకి ఫోన్ చేశాను. గిద్దలూరులో అప్పుడే తెల్లారింది.

"ఎన్నో గేరులో ఎక్కిందిరా?"

"కింద మూడు. చివరి మూడు మైళ్ళు రెండు."

"పాత ఇంజనో?"

"దాదాపు మొత్తం రెండే."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వు వినిపించింది, లోపలికి తిరిగి అమ్మకి చెప్తున్నాడు: "మూడు మైళ్ళంటే మూడు మైళ్ళే మిగిలిందంట."